ఆఫీసుకి రానివాళ్ళ లెక్క

అందరికీ నమస్కారం అండి. బెజవాడ ఎండలో, అదీ భోజనాలయ్యాక రెండింటికి నా ప్రసంగం పెట్టారంటే నిర్వాహకులకి నా మీద పాత బాకీ ఏదో ఉండే ఉంటుంది. సరే, పీపీటీ తేలేదు, లైట్లు ఆర్పే పనిలేదు, కాబట్టి మీకు నిద్రపోవడం కూడా కొంచెం కష్టమే.

యూనివర్సిటీ రీసెర్చ్ ప్రభుత్వానికీ జనానికీ ఎలా పనికొస్తుందో చెప్పమన్నారు. నేను నా తప్పుతో మొదలుపెడతా.

2024 సెప్టెంబర్‌లో మన బెజవాడలో బుడమేరు వాగు పొంగిన సంగతి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, కృష్ణ అంత నిండుగా ఉంటే బుడమేరు డైవర్షన్ ఛానల్ నీళ్ళు నదిలోకి దిగవు కదా, దానికి తోడు ఛానల్‌కి గండ్లు, ఇంకేముంది, సింగ్ నగర్ అంతా చెరువైపోయింది. తర్వాత ప్రభుత్వం మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకి 25 వేలు, పై అంతస్తుల వాళ్ళకి 10 వేలు అని ప్రకటించింది. నీళ్ళు తీసిన కొన్ని వారాలకి మా స్టూడెంట్ పిల్లల్ని తీసుకుని సర్వేకి వెళ్ళా. ఎనిమిది పేజీల ప్రశ్నలు, అందులో 'మీ కుటుంబ జీవనోపాధి స్థితిస్థాపకత' అని ఒకటి, అది నేనే తర్జుమా చేశా, ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒక అక్క అంతా ఓపిగ్గా విని, "ఇదంతా బానే ఉందిగానీ సారూ, పక్క పోర్షన్ వాళ్ళు సామానంతా పోయి ఊరెళ్ళిపోయారు, తాళం వేసుంది, మరి వాళ్ళ సంగతి ఎవరు రాస్తారు?" అంది.

తాళం ఉంటే పక్కింటికి వెళ్ళిపోండి అని పొద్దున పిల్లలకి చెప్పింది నేనేనండి! సర్వేల్లో అందరం చేసేదే. కానీ ఆలోచించండి, అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్న అద్దె ఇంటి వాళ్ళే కదా ముందు ఊరొదిలేది, అంటే మన లెక్కలో కాస్తో కూస్తో తట్టుకున్నవాళ్ళే మిగులుతారు, ఆ లెక్క మీద రిపోర్టు, ఆ రిపోర్టు మీద పాలసీ. ఆఫీసుకి ఎలాగూ రానివాళ్ళని మనం కూడా వదిలేస్తే ఇక వాళ్ళు ఎక్కడా లేనట్టే.

దీనికి ఎదురు ఉదాహరణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. ఉపాధి హామీ కూలీ, పెన్షన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుతో ఇవ్వడం మొదలుపెట్టిన రోజుల్లో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఎకనామిస్టులు ప్రభుత్వంతో మాట్లాడి ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అనేది లాటరీలో తేల్చారు. 157 మండలాలు, దాదాపు 1.9 కోట్ల జనాభా, మన దగ్గర ఇంత పెద్ద ప్రయోగం జరిగిందని చాలామంది లెక్చరర్లకే తెలీదు. కార్డులొచ్చిన చోట కూలీ డబ్బులు తొందరగా అందాయి, మధ్యలో కారిపోయేది తగ్గింది. అసలు కథ ఆ తర్వాతే. ఒక దశలో ఆ కార్డులు ఎత్తేద్దామా అనేదాకా వచ్చింది, ఎందుకంటే పైకి చేరిన మాటలన్నీ ఇబ్బంది పడ్డవాళ్ళవే, ఇదివరకు మధ్యలో చెయ్యి తడుపుకున్నవాళ్ళు కూడా అందులో ఉంటారు మరి. కూలీలు మాత్రం వచ్చి 'బావుంది' అని అర్జీ పెట్టరు కదా, బావుంటే ఎవరొస్తారండి ఆఫీసుకి? రీసెర్చర్ల సర్వేలో లబ్ధిదారుల్లో చాలా ఎక్కువమంది కొత్త పద్ధతే కావాలన్నారు, ఆ అంకెలు చూశాక పథకం నిలబడింది. పేపరు అచ్చయింది 2016లో, పని జరిగింది అంతకుముందే. జర్నల్ వచ్చేదాకా ఆగుదాం అనుకునే స్కాలర్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇక మన గుంటూరు వైపు. 2021-22లో మిరపకి నల్ల తామర పురుగు పడి తోటలకి తోటలు పీకేశారు. పురుగు పూతలో దాక్కుంటుంది, మందు కొట్టేకొద్దీ దాన్ని తినే మిత్రపురుగులు చచ్చిపోతాయి, అందుకే శాస్త్రవేత్తలు నీలం జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె కొట్టండి అన్నారు. అయితే రైతు సాయంత్రం వెళ్ళేది పురుగుమందుల షాపుకి, అరువిచ్చేది అతనే కాబట్టి సలహా కూడా అతనిదే. సైన్సు కరెక్టే, దారి మాత్రం ఆ కౌంటర్ మీదుగా పోవాలి.

ఆ నష్టం ఎవరిది? చాలాచోట్ల కౌలు రైతుది. కాగితం మీద మాత్రం భూమి యజమానిది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి, పొలం పోద్దేమోనని ఆయన పెట్టడు, దాంతో రికార్డుల్లో కౌలురైతు ఉండడు. కొల్లూరు దగ్గర అనంతవరాన్ని 1974లో పుచ్చలపల్లి సుందరయ్యగారు సర్వే చేశారు, 2005-06లో పరిశోధకులు మళ్ళీ అదే ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగారు, అక్కడ సాగు ఎంతగా కౌలు మీద నడుస్తుందో అలా బయటపడింది. అడంగల్, అదే ఊరి సాగు రికార్డు, ముందేసుకుని కూర్చుంటే ఇది తేలదు. ఒకే ఊరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం మన పీహెచ్‌డీల్లో ఎందుకు లేదో నాకైతే అర్థం కాదు, ప్రతివాడికీ కొత్త టాపిక్కే కావాలి!

నా బుడమేరు సర్వేకి మళ్ళీ వెళ్ళానండి. తాళాలున్న ఇళ్ళ ఓనర్ల దగ్గర ఫోన్ నంబర్లు తీసుకుని అద్దెకున్నవాళ్ళతో మాట్లాడాం, కొందరు దొరికారు, కొందరు దొరకలేదు. దొరికినంతవరకు ఒక్క పేజీ తెలుగులో రాసి, వీధి బొమ్మ గీసి, ముందు ఆ అక్కకే చూపించా. కళ్ళజోడు పెట్టుకుని వేలుతో బొమ్మంతా తడిమి, "నీళ్ళు ముందు రోడ్డు నుంచి రాలేదు సారూ, వెనక తూములోంచి ఎగదన్నినాయి, ఇది తిరగేసి గీయండి" అంది. తిరగేసి గీశాం.