పుచ్చకాయ తెల్లకండతో పప్పు ఎందుకు కుదురుతుంది?

[తెర మీద: ఎర్రని గుజ్జు తీసేసిన తరువాత మిగిలిన పుచ్చకాయ చెక్కులు, పక్కన చాకు, కత్తిపీట]

నమస్కారం. సెలవు రోజున ఇంటిల్లిపాదికీ కొత్తగా ఏదైనా వండాలని కూర్చున్నప్పుడు చాలా మందికి ముందుగా తోచేది, తెలిసిన పదార్థాలను పొంతన లేని జంటలుగా కలపడం. దోసె మీద చాక్లెట్ పోస్తారు, మిరపకాయ బజ్జీలో చీజ్ కూరుతారు, పెసరట్టులో నూడుల్స్ చుడతారు. తినేవాళ్లు తింటారు, అందులో నాకు అభ్యంతరం లేదు. కానీ సృజనాత్మకమైన వంట అనగానే అందరూ దీనినే చూపించడం మాత్రం నన్ను చాలా కాలంగా చిరాకు పెడుతోంది.

అనుకోకుండా చేతికి వచ్చిన పదార్థాన్ని, ఇంట్లో అందరూ ఎరిగిన వంటకంలోకి, అది ఎప్పటినుంచో అక్కడే ఉందనిపించేటట్టు చేర్చడం ఇంతకంటే కష్టమైన పని, నా దృష్టిలో ఇంతకంటే రుచికరమైన పని కూడా. దీనికోసం ప్రతిసారీ రెసిపీ వెతకనక్కరలేదు. ఆ పదార్థంలో నీరు ఎంత ఉందో, పులుపు తగిలితే అది ఏమవుతుందో, దాని రుచి ఏ వైపు మొగ్గుతుందో గమనిస్తే, అది పప్పులోకి వెళ్లాలో, పచ్చడిలోకి వెళ్లాలో, పులుసులోకి వెళ్లాలో తెలిసిపోతుంది. ఇందుకు నేను ఎంచుకున్న ఉదాహరణ, వేసవిలో మన ఇళ్లలో రోజూ చెత్తబుట్టకో, పశువుల కుడితికో చేరే పుచ్చకాయ తెల్లకండ, అంటే ఎర్రని గుజ్జుకూ ఆకుపచ్చ చెక్కుకూ మధ్య ఉండే తెల్లని భాగం.

మొదట ఆ కాయ ఎవరి బంధువో చూద్దాం. దోస, సొర, బీర, పొట్ల, దొండ, గుమ్మడి, పుచ్చ, ఇవన్నీ వృక్షశాస్త్రం ప్రకారం కుకుర్బిటేసి అనే ఒకే కుటుంబానికి చెందిన తీగలు. పైన ఉన్న గట్టి ఆకుపచ్చ చెక్కు తీసేసి లోపలి తెల్లముక్కను పచ్చిగా కొరికి చూడండి: పులుపు లేని దోసకాయ ముక్కే అది. రాజస్థాన్‌లో మతీరా అనే పుచ్చకాయతో కూర వండుతారు, మంగళూరు వైపు ఈ తెల్లకండను బియ్యంతో రుబ్బి దోసెలు పోస్తారు, అమెరికా దక్షిణ రాష్ట్రాలలో దీనితో ఊరగాయ పెడతారు. బీరకాయ పొట్టును కూడా వదలకుండా పచ్చడి చేసుకున్న మనం దీనిని ఎందుకు వదిలేశామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

[తెర మీద: తెల్లకండ ముక్కల మీద ఉప్పు చల్లడం, గిన్నె అడుగున నీరు చేరడం]

ఇప్పుడు నీటి సంగతి. తెల్లకండలో 90 శాతానికి పైగా నీరే ఉంటుంది. ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచితే ఆ నీరు బయటికి వచ్చి గిన్నె అడుగున చేరడం మీరే చూస్తున్నారు. ఈ ఒక్క దృశ్యం చాలు, ఏ వంట ఎలా చేయాలో చెప్పడానికి. వేపుడు చేయాలనుకుంటే ఉప్పు చివరనే వేయాలి, వెడల్పాటి మూకుడు పెట్టాలి, మూత పెట్టకూడదు, దించే ముందు కాస్త శనగపిండి గాని వేయించిన వేరుశనగపప్పుల పొడి గాని చల్లితే మిగిలిన తడిని అది పీల్చుకుంటుంది. పచ్చడి చేయాలనుకుంటే దీనికి విరుద్ధంగా ఉప్పు ముందే చల్లి, ముక్కలను గట్టిగా పిండి వాడాలి, లేకపోతే గంట తిరిగేసరికి పచ్చడి పలచబడి జారిపోతుంది. మంగళూరు వారి దోసెకైతే ఈ నీరే వరం: నాలుగు గంటలు నానిన ఒక కప్పు బియ్యాన్ని రెండు కప్పుల తెల్లకండతో రుబ్బితే వేరే నీరు పోయవలసిన అవసరం దాదాపు ఉండదు, పిండిని పులియబెట్టకుండానే దోసెలు వేసుకోవచ్చు.

ఇక పులుపు. చింతపండు పడితే పప్పు ఉడకదని మీకు ఎవరూ చెప్పనక్కరలేదు, కానీ అదే సూత్రం కూరగాయకు కూడా వర్తిస్తుందన్న విషయాన్ని మాత్రం మనం సరిగా వాడుకోవడం లేదు. మొక్కల కణాలను ఒకదానితో ఒకటి అంటించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. మామూలు నీటిలో మరిగినప్పుడు అది కరిగి ముక్క మెత్తబడుతుంది, పులుపు ఉన్న నీటిలో అంత త్వరగా కరగదు. కాబట్టి పుచ్చకాయ తెల్లకండతో పప్పు చేసేటప్పుడు, ఒక కప్పు కందిపప్పును, రెండు కప్పుల ముక్కలను, నాలుగైదు పచ్చిమిరపకాయలను, కాస్త పసుపును కుక్కర్‌లో మామూలు కంటే తక్కువ నీటితో ఉడికించి, మెదిపిన తరువాతే చింతపండు రసం పోసి మరిగించి, ఇంగువ పోపు పెట్టాలి. అదే తెల్లకండతో ముక్కల పులుసు పెట్టేటప్పుడు మాత్రం ముక్కలు సగం ఉడకగానే చింతపండు రసం పోయాలి, అప్పుడవి ఎంత మరిగినా చితికిపోకుండా నిలుస్తాయి. పులుసు కోసం కోసేటప్పుడు అంచున కాస్త గులాబీ రంగు గుజ్జు వదిలితే బెల్లం వేయవలసిన పని కూడా తగ్గుతుంది.

పచ్చడికి నేను దోసకాయ పచ్చడి పద్ధతినే పాటిస్తాను. ఎండుమిరపకాయలు, మినప్పప్పు, ఆవాలు, కొద్దిగా మెంతులు, ఇంగువ నూనెలో వేయించి, చింతపండు, ఉప్పు, సగం ముక్కలు చేర్చి నూరి, పిండిన మిగతా ముక్కలను పచ్చిగానే కలపాలి. ఇక్కడ ఒక మాట. కొత్త కూరగాయ కనబడగానే దాని మీద వెల్లుల్లి కారం కుమ్మరించే అలవాటు కొందరికి ఉంది. ఆ కారంతో ఏదైనా బాగానే ఉంటుంది, కానీ తెల్లకండ తిన్నామో, సొరకాయ తిన్నామో నాలుకకు తెలియదు.

[తెర మీద: క్రాన్‌బెర్రీలు, ఆకుపచ్చ ఆపిల్, టొమాటిల్లో, అరటిపువ్వు]

సమయం దగ్గర పడుతోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. పుల్లని పదార్థం దొరికితే అది చింతపండు స్థానంలోకి వెళుతుంది. అమెరికాలోని తెలుగువారు క్రాన్‌బెర్రీలనే పుల్లని చిన్న ఎర్రపండ్లతో పప్పు, పులిహోర చేసుకుంటున్నదీ, మామిడికాయకు బదులు ఆకుపచ్చ ఆపిల్‌ను, టమాటాకు బదులు దానిని పోలిన పుల్లని ఆకుపచ్చ కాయ టొమాటిల్లోను వాడుతున్నదీ ఈ లెక్క ప్రకారమే. రూబార్బ్ అనే విదేశీ మొక్క కాడలు కూడా పుల్లనివే గనుక పప్పుకు సరిపోతాయి, కానీ దాని ఆకు విషం, దానిని ఆకుకూర అనుకొని వండకూడదు. అరటిపువ్వు వంటి వగరైన పదార్థాన్ని తరిగిన వెంటనే మజ్జిగలో వేస్తే నల్లబడదు, దానికి ఆవ పెట్టిన కూర బాగా నప్పుతుంది. ఆవపిండి ముద్దను మాత్రం పొయ్యి ఆపిన తరువాతే కలపాలి, ఎందుకంటే ఆవాలు తడితో నలిగినప్పుడు పుట్టే ఘాటు వేడికి ఎగిరిపోతుంది.

వీటన్నిటి కంటే ముఖ్యమైన జాగ్రత్త చేదు గురించి. సొర, దోస, బీర, పుచ్చ వంటి కాయలను వండే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకొని చూడండి, చేదుగా ఉంటే ఉమ్మివేసి కాయ మొత్తం పారేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాల వల్ల వస్తుంది, ఉడికించినా పోదు, చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. కాకరకాయ చేదు వేరు, రెండూ ఒకటే అనుకోవద్దు.

కుటుంబానికి వడ్డించేటప్పుడు ఒక పూటకు ఒక్క కొత్త వంటకమే చాలు, పక్కన ఆవకాయ, పెరుగు ఎలాగూ ఉంటాయి. పేరు దాచి పిల్లల చేత తినిపించి తరువాత నవ్వడం నాకు నచ్చదు, ముందే చెప్పి పచ్చిముక్క చేతికిస్తే వాళ్లే ఆసక్తిగా కొరుకుతారు. చివరగా, కాయను కోయక ముందే పైచెక్కును బాగా కడగాలి, పళ్లతో కొరికిన చెక్కులను వాడకుండా గుజ్జును చాకుతో తీసిన వాటినే తీసుకోవాలి. తెల్లకండ పచ్చడిలో నీరు ఎక్కువ గనుక అది ఊరగాయలా నిలవ ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజులలోగా తినేయండి.