వడిసెల రాయి చెప్పే తుఫాను కబురు

శ్రోతలకు నమస్కారం. కడప జిల్లాలో జొన్నచేనికి కాపలా ఉన్నవాళ్లకు వడిసెల సంగతి నేను చెప్పనక్కర్లేదు. మంచె మీద నిలబడి, రాయి పెట్టి గిరగిరా తిప్పుతాం. కొస వదిలామా, అంతసేపూ చుట్టూ తిరిగిన రాయి నేరుగా దూసుకుపోతుంది. ఆ రాయితో ఈ పూట పనుంది.

2024 మే 10న భూమిని పెద్ద అయస్కాంత తుఫాను తాకింది. అంటే, సూర్యుడి నుంచి దూసుకొచ్చిన కణాల తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమైంది. లదాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబారింది. మన కడప వైపు రంగేమీ కనబడలేదు. అలాగని మనల్ని తాకలేదనుకోకండి. భూమధ్యరేఖకు పైన, వేల కిలోమీటర్ల ఎత్తులో, విద్యుదావేశమున్న అయాన్లు భూమి చుట్టూ ఉంగరంలా తిరుగుతుంటాయి. తుఫానులో ఆ ప్రవాహం బలపడి, నేల మీది అయస్కాంత క్షేత్రాన్ని తగ్గిస్తుంది. అప్పుడు తగ్గింది సుమారు 400 నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే లెక్క అది). మన దగ్గరుండే క్షేత్రంలో నూటికి ఒక వంతు.

ఎంత తగ్గిందో నేల మీది పరికరం చెబుతుంది. ఉంగరం ఏ ఆకారంలో ఉందో ఎవరు చెప్పాలి? అది వెలుగివ్వదు, మామూలు కెమెరాకు చిక్కదు.

వడిసెల పనికొచ్చేది ఇక్కడే. అయాన్లను తిప్పే తాడు అయస్కాంత క్షేత్రం. భూమి చుట్టూ చాలా దూరం దాకా హైడ్రోజన్ పరమాణువులు పల్చగా పరుచుకుని ఉన్నాయి. పక్కనుంచి పోయే అయాను వాటిలో ఒకదాని ఎలక్ట్రాన్ లాక్కుందంటే, దాని ఆవేశం పోయినట్టే, తాడు తెగినట్టే. వేగం మాత్రం అట్లే ఉంటుంది. ఆ క్షణాన ఎటు పోతుంటే అటే పోతుంది. దీనికి శక్తిమంతమైన తటస్థ పరమాణువని పేరు. నోరు తిరగని పేరులెండి, నేను రాయి అనే అంటాను.

రాయి వచ్చిన దిక్కు చూస్తే మంచె ఎక్కడుందో తెలుస్తుంది కదా! 2000 మార్చిలో నాసా పంపిన 'ఇమేజ్' ఉపగ్రహం చేసిందదే. ఏ దిక్కునుంచి ఎన్ని వచ్చాయో లెక్కగట్టి బొమ్మ గీసింది. చూస్తే, తుఫాను ముదిరే వేళ అది నిండు ఉంగరం కానే కాదు, రాత్రి వైపు బరువెక్కిన నెలవంక. సద్దుమణిగే కొద్దీ గుండ్రమవుతుంది. 2008 నుంచి 'ట్విన్స్' పరికరాలు రెండు ఉపగ్రహాల మీదెక్కి, రెండు కళ్లతో చూసినట్టు చూశాయి. 'ఇమేజ్' 2005 డిసెంబరులో మూగబోయింది. 2018 జనవరిలో ఒక ఔత్సాహికుడి రేడియోకు మళ్లీ దాని గొంతు చిక్కింది. రేడియోలో మాట్లాడుతూ ఆ ముక్క వదలబుద్ధి కాలేదు.

ఇంకో సంగతి. కెమెరాకు అందిన ప్రతి రాయీ ఉంగరంలోంచి జారిపోయిందే. తుఫాను చల్లారడానికి ఉన్న కారణాల్లో ఈ జారిపోవడం పెద్దది. అంటే మనం చూస్తున్నది ఉంగరం కరిగిపోవడాన్నే. అయాన్లు తగ్గే కొద్దీ రాళ్లూ తగ్గుతాయి, బొమ్మ మసకబారుతుంది.