పట్టుకోవడం వేరు, తినడం వేరు

అందరికీ నమస్కారం. మురుగు గురించి మాట్లాడతానంటే కూడా ఇంతమంది వచ్చారు, సంతోషం.

మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో ఏరేషన్ ట్యాంకు, అంటే మురుగులోకి గాలి ఊదే తొట్టి, గట్టు మీద నిలబడితే గోధుమరంగు నీళ్లు బుడబుడలాడుతూ కనిపిస్తాయి. ఒక లీటరు జాడీలో పట్టి కదపకుండా అరగంట ఉంచితే మడ్డి అడుక్కి దిగి, పైన నీళ్లు తేరుకుంటాయి. ఆపరేటర్లు రోజూ చేసే పరీక్షే ఇది. ఆ మడ్డి ఉత్త బురద కాదు, బాక్టీరియాలు తాము వదిలే జిగురుతో ఒకదాన్నొకటి అంటుకుని కట్టిన ముద్దలు.

ఈ మడ్డి విలువ తెలిసింది మాంచెస్టర్ దగ్గర డేవీహల్మ్‌లో. ఎడ్వర్డ్ ఆర్డెన్, విలియం లాకెట్ అనే ఇద్దరు మురుగులోకి గాలి ఊది, అడుగున దిగిన మడ్డిని పారబోయకుండా దాని మీదే కొత్త మురుగు పోస్తూ పోయారు. మొదట ఐదు వారాలు పట్టిన శుద్ధి పని చివరికి ఒక్క రోజులోపే అయిపోయింది. 1914లో ఆ సంగతి బయటపెట్టారు. మనం నిన్నటి పెరుగు కాస్త దాచి ఇవాళ్టి పాలకు తోడు వేసినట్టే! వాళ్లకు దారి చూపించిన గిల్బర్ట్ ఫౌలర్ తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి ప్రొఫెసర్‌గా వచ్చాడు.

ఇక అసలు సంగతి. కొత్త మురుగు తగలగానే అందులోని సన్న రేణువులు, కొవ్వు, నూనె ఆ జిగురుకి అతుక్కుంటాయి, పావుగంట అరగంటలోనే నీళ్లలో మాలిన్యం బాగా తగ్గిపోతుంది. తినేశాయా? లేదండీ, పట్టుకున్నాయంతే. పెద్ద అణువులు కణంలోకి దూరలేవు కాబట్టి బాక్టీరియా ఎంజైములతో వాటిని ముక్కలు చేసి అప్పుడు లోపలికి తీసుకోవాలి, దానికి గంటలు కావాలి.

మురుగులో కలిసే మందుల దగ్గరికి వస్తే కథ మారిపోతుంది. మూర్ఛకు వాడే కార్బమజెపిన్ మడ్డికి పెద్దగా అంటుకోదు, బాక్టీరియా కూడా దాన్ని పెద్దగా ముట్టవు, వచ్చింది వచ్చినట్టే దాటిపోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అలా కాదు, గట్టిగా అంటుకుంటుంది, కానీ బాక్టీరియా దాన్ని తినేది తక్కువ. అయినా మడ్డి పట్టుకూ హద్దుంది. మన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ఒక పరిశోధన బయటపెట్టింది. శుద్ధి చేశాక వచ్చిన లెక్క అది!

మడ్డికి అంటుకున్న మందు మాయం కాలేదు, నీళ్లలోంచి మడ్డిలోకి మారిందంతే. అందుకే ఎవరైనా "మా ప్లాంటులో ఫలానా మందు చాలావరకు పోయింది" అంటే నేను మడ్డిని కూడా కొలిచారా అని అడుగుతాను. అది ఆరబెట్టాక ఏ పొలానికి ఎరువుగా వెళ్తుందో కూడా అడుగుతాను, అప్పుడు చూడాలి వాళ్ల మొహం.