ముక్కు మీద జిడ్డు, బుగ్గ మీద పొట్టు: కాంబినేషన్ స్కిన్‌కి ఫౌండేషన్

అందరికీ నమస్కారం.

పొద్దున వేసుకున్న ఫౌండేషన్ మధ్యాహ్నానికల్లా ముక్కు మీద కరిగి మెరుస్తుంది. అదే ఫౌండేషన్ బుగ్గల మీద ఎండిపోయి పొట్టు తేలుతుంది. దాంతో సీసాని తిట్టుకుని ఇంకో సీసా కొంటారు. చాలాసార్లు తప్పు సీసాది కాదు. దాని కింద ఏం రాశాం, పైన ఎంత రాశాం అన్న దగ్గరే తేడా వస్తుంది.

నుదురు, ముక్కు, గడ్డం కలిపి టీ జోన్ అంటాం. నూనె గ్రంథులు అక్కడ దట్టంగా ఉంటాయి, బుగ్గల్లో తక్కువ. మీది కాంబినేషన్ స్కిన్ (టీ జోన్ జిడ్డుగా, బుగ్గలు పొడిగా ఉండే చర్మం) అవునో కాదో తేలాలంటే ముఖం కడుక్కుని, ఏమీ రాయకుండా గంటసేపు ఆగండి. బ్లాటింగ్ పేపర్ (ముఖం మీది నూనె పీల్చే పల్చటి కాగితం) ఒకటి నుదుటికి, ఒకటి బుగ్గకి అద్దండి. మొదటిదాని మీద నూనె మరక పడి, రెండోది పొడిగా వస్తే అదే.

ఎంపికకి వద్దాం. పూర్తి మ్యాట్ (మెరుపు లేనిది) అయితే బుగ్గల మీద ప్రతి గీతా కనిపిస్తుంది. డ్యూయీ (తడిగా మెరిసేది) అయితే ముక్కు మీద నిలవదు. ఆ రెండింటికీ మధ్యలో ఉండే శాటిన్ లేదా నాచురల్ ఫినిష్, మచ్చల్ని ఓ మోస్తరుగా కప్పే మీడియం కవరేజ్ తీసుకోండి. మెరిసే ముక్కుకి పౌడర్ అద్దితే సరిపోతుంది గానీ, మ్యాట్ వేసి ఎండిపోయిన బుగ్గకి తర్వాత తేమ తేలేం. షేడ్‌ని ముంజేతి మీద చూడకండి, అది ముఖం రంగులో ఉండదు. దవడ అంచున మూడు షేడ్లు గీతలుగా రాసి, ఇరవై నిమిషాలు ఆగి, పగటి వెలుగులో చూడండి. ఆరేకొద్దీ, చర్మపు నూనె కలిసేకొద్దీ కొన్ని షేడ్లు ముదురుతాయి. మెడలోకి కలిసిపోయిన గీతే మీ షేడ్.

ప్రైమర్ (ఫౌండేషన్ కింద రాసే పొర) ఉంటే దానిదీ, ఫౌండేషన్‌దీ పదార్థాల జాబితా ఒకసారి చదవండి. డైమెథికోన్ లాంటి సిలికాన్లు పైవరసలో ఉన్న ప్రైమర్ మీద పల్చటి నీటి ఫౌండేషన్ వేస్తే ఉండలు కట్టే అవకాశం ఎక్కువ. అనుమానం ఉంటే రెండూ చేతి వెనక ఒకదాని మీద ఒకటి రాసి రుద్ది చూడండి. అక్కడ నలిగి లేచేది ముఖం మీదా లేస్తుంది.

ఇప్పుడు కింది పొర. బుగ్గలకి క్రీమ్, టీ జోన్‌కి పల్చగా జెల్ మాయిశ్చరైజర్. ఆ పైన సన్‌స్క్రీన్. ఫౌండేషన్‌లో ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణ చెప్పే అంకె) ఉందని దీన్ని మానకండి, సీసా మీద రాసిన అంకె రావాలంటే అంత మందంగా ఫౌండేషన్ ఎవరూ పూయరు. తర్వాత పది నిమిషాలు ఆగాలి. తడి మీద వేయడమే సగం ఉండలకి కారణం. నూనె పట్టే ప్రైమర్ టీ జోన్‌కే, బుగ్గలకి అక్కర్లేదు.

సీసా బాగా ఊపి, ముఖమంతటికీ ఒక్క పంపు చేతి వెనక తీసుకోండి. స్పాంజ్ తడిపి, గట్టిగా పిండాలి. నీళ్లు కారే స్పాంజ్ రంగుని చారలు చేస్తుంది. ముందు బుగ్గల మధ్య నుంచి బయటికి అద్దుకుంటూ వెళ్లండి. రాయడం కాదు, అద్దడం. రుద్దితే లేవని పొట్టు కూడా లేస్తుంది. స్పాంజ్‌లో మిగిలిందే ముక్కుకి, నుదుటికి. మచ్చ ఇంకా కనిపిస్తుంటే ఇంకో పొర వేయకుండా ఆ చుక్క మీదే కన్సీలర్ (మచ్చని కప్పే చిక్కటి క్రీమ్) పెట్టండి.

ముక్కు పక్క మడత దగ్గర కాస్త ఆగాలి. అక్కడ నూనె ఊరుతుంది, నవ్వినప్పుడల్లా చర్మం కదులుతుంది, ఆ సందులో ఫౌండేషన్ చేరి తెల్లగా గీత కడుతుంది. కాబట్టి పౌడర్‌కి ముందు ఖాళీ స్పాంజ్ మొనతో మడతలో అదనంగా ఉన్నదంతా ఎత్తేయండి. వెంటనే పఫ్ మీద లూజ్ పౌడర్ తీసుకుని, దులిపి, ఆ చోట నొక్కి పట్టుకోండి. నుదుటికీ గడ్డానికీ అంతే. బుగ్గలకి పౌడర్ వద్దు. కొందరు ముఖమంతా పౌడర్ పూసి, పొడిగా ఉందని మళ్లీ సెట్టింగ్ స్ప్రే కొడతారు, ఈ చాకిరీ ఎందుకో!

మధ్యాహ్నం టచప్‌లో పౌడర్ డబ్బా వంతు రెండోది. ముందు బ్లాటింగ్ పేపర్‌ని ముక్కు మీద పెట్టి, లాగకుండా పది సెకన్లు నొక్కి, నిటారుగా ఎత్తండి. అలా కాకుండా నూనె మీదే పౌడర్ వేస్తే రెండూ కలిసి ముద్ద అవుతుంది. ఆ ముద్దని సర్దడం కుదరదు, అంతవరకూ తుడిచి మళ్లీ వేసుకోవాల్సిందే.