ముప్పై మూడు ఎన్ని రకాలు

శ్రోతలకు నమస్కారం.

పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఒడిశా గజపతి జిల్లాలో చాలా ఏళ్ళుగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మా బడికి ప్రాక్టీస్ టీచింగ్ కోసం వచ్చే బీఈడీ పిల్లల పాఠాలు వెనక బెంచీలో కూర్చుని వినడం, తరువాత వాళ్ళతో మాట్లాడడం కూడా నా పనుల్లో ఒకటి. లెక్కల మాస్టారు కావాలనుకునే మన సరిహద్దు జిల్లాల యువతతో, వాళ్ళ తల్లిదండ్రులతో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈరోజు మీ ముందుకు వచ్చాను.

నా ఉద్యోగం కొత్తలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. ఆరో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. నేను నోటితో అంకెలు చెబుతుంటే వాడు పలక మీద రాయాలి. 47 చెబితే 74 రాసేవాడు. 52 చెబితే 25. కొన్ని నెలలపాటు ఎర్ర పెన్నుతో కొట్టేస్తూనే పోయాను. శ్రద్ధ లేదనుకున్నాను, నలుగురిలో ఆ మాట అనేశాను కూడా. ఒకనాడు వాడి పక్కన కూర్చుని, ఎలా రాస్తున్నావో చూపించరా అన్నాను. ఒడియాలో నలభై ఏడుని 'సతచాళిశ' అంటారు. ముందు ఏడు, తరువాత నలభై. వాడు ఏడు వినగానే ఏడు రాశాడు, నలభై వినగానే పక్కన నాలుగు వేశాడు. తెలుగులో అయితే 'నలభై ఏడు'. చెప్పే వరుసే రాసే వరుస. ఇంట్లో అలవాటైన పద్ధతిని వాడు బళ్ళో ఎంతో శ్రద్ధగా పాటిస్తున్నాడు! వాడి చెవీ బాగానే ఉంది, బుర్రా బాగానే ఉంది. తెలియనిది నాకు. ఆ కుర్రాడికి చేసిన అన్యాయం ఇప్పటికీ నా మనసులో ఉంది.

ఒడియాలో ఇరవై తొమ్మిదిది మరో తీరు. 'అణతిరిశ', అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ఒకటిన్నరకు 'దెఢ', రెండున్నరకు 'అఢేఇ' అని విడి మాటలున్నాయి. తెలుగు పిల్లవాడు 'రెండున్నర' అన్నప్పుడు ఆ మాటలోనే రెండూ, అరా కనిపిస్తాయి. మిశ్రమ భిన్నం చెప్పేటప్పుడు ఇది ఎంత సాయమో ఒక్కసారి ఆలోచించండి. అఢేఇ అనే పిల్లవాడికి అదే సంగతి చింతపిక్కలతోనో, కొలపాత్రతోనో చూపించాలి. ఒకే గదిలో ఇద్దరూ ఉంటారు మరి.

ఇక చదువు సంగతి. డిగ్రీలో లెక్కలు చదివి, మామూలుగా 50 శాతం మార్కులున్నవాళ్ళు బీఈడీకి వెళ్ళవచ్చు. 2015 నుంచి ఆ కోర్సు రెండేళ్ళు. అందులో 20 వారాలు బడిలోనే ఇంటర్న్‌షిప్. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చెప్పాలంటే టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్షలో రెండో పేపరు పాసవ్వాలి. 150 ప్రశ్నలు, 150 మార్కులు. అందులో లెక్కలు, సైన్సు కలిపి 60, శిశు వికాసం 30, మిగతావి రెండు భాషలవి. పాసవడానికి మామూలుగా 60 శాతం రావాలి. కేంద్ర టెట్‌లో భాషగా తెలుగూ తీసుకోవచ్చు, ఒడియా కూడా తీసుకోవచ్చు. ఒడిశాలో తొమ్మిది, పది తరగతులకు విడిగా మరో అర్హత పరీక్ష ఉంది. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో చేరాలంటే ఒడియా చదవడం, రాయడం కూడా రావాలి కాబట్టి ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దాన్ని వాయిదా వేయకండి. ఇంటర్ తరువాత నేరుగా నాలుగేళ్ళలో డిగ్రీ, బీఈడీ కలిపి చదివే దారి కూడా ఉంది. భువనేశ్వర్‌లోని ప్రాంతీయ విద్యా సంస్థ 1963 నుంచి ఉపాధ్యాయులను తయారుచేస్తోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ నాలుగేళ్ళ చదువు వైపే మొగ్గు చూపింది.

ఆ 30 మార్కుల శిశు వికాసాన్ని మన పిల్లలు బిట్లుగా బట్టీ పడతారు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన మనస్తత్వవేత్త పియాజే చెప్పిన దశలు, వయసులు గడగడా అప్పజెబుతారు. టెన్షన్ అలాంటిది, తప్పు పట్టను. కానీ ఆ పేజీల్లో ఉన్న పిల్లవాడే రేపు ముందు బెంచీలో కూర్చుంటాడు.

జర్మన్ గణితవేత్త ఫీలిక్స్ క్లైన్ 1908 నాటికే ఒక సంగతి గమనించాడు. యూనివర్సిటీలో చేరినవాడికి బళ్ళో చదివిన లెక్కలతో సంబంధం తెగిపోతుంది. అతనే టీచరై బడికి తిరిగొస్తే ఈసారి యూనివర్సిటీ లెక్కలతో సంబంధం తెగిపోతుంది. రెండుసార్లు తెగుతుంది. మా దగ్గరికి వచ్చే బీఈడీ పిల్లల్లో ఇది ఏటా చూస్తున్నాను. అవకలన సమీకరణాలు చేసి వస్తారు. ఋణ సంఖ్యని ఋణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకొస్తుందమ్మా అని అడిగితే, అది రూలు మాస్టారండీ అంటారు. ధనం అంటే ఆస్తి, ఋణం అంటే అప్పు. క్రీస్తు శకం 628లో బ్రహ్మగుప్తుడు ఈ మాటలతోనే నియమాలు చెప్పాడు. అవే మాటలు తెలుగులోనూ ఉన్నాయి, ఒడియాలోనూ ఉన్నాయి. నీ దగ్గర నుంచి మూడు రూపాయల అప్పు చీటీలు రెండు తీసేస్తే నీకు ఎంత మిగులు? ఆరు రూపాయలు. ఏడో తరగతి పిల్లలు ఈ మాట వెంటనే పట్టుకుంటారు.

నాకు బాగా ఇష్టమైన తప్పు ఒకటుంది. సగానికి మూడో వంతు కలిపితే ఐదింట రెండు అని రాస్తారు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేస్తారు. కొత్త టీచరు దాన్ని కొట్టేసి క.సా.గు. పద్ధతి మళ్ళీ మొదటి నుంచి చెబుతాడు. కిందటేడు ఒక ట్రైనీతో, ముందు అలా రాసిన పిల్లని అడుగమ్మా అన్నాను. ఆ పిల్ల చెప్పింది: "మొదటి టెస్టులో రెండు లెక్కల్లో ఒకటి రైటు. రెండో టెస్టులో మూడింట్లో ఒకటి రైటు. మొత్తం ఐదింట్లో రెండు కదా మాస్టారూ?" నిజమే కదా! మార్కులు అలాగే కూడతాం. మరి రొట్టె ముక్కలు ఎందుకు అలా కూడకూడదు? రెండు టెస్టులూ కలిపితే మొత్తం ఐదు లెక్కలు, మొత్తమే పెద్దదయింది. రొట్టె మాత్రం ఒక్కటే. సగం రొట్టెకి ఇంకో ముక్క చేర్చాక సగం కంటే తక్కువ ఎలా అవుతుంది? ఆ గంటంతా ఆ ట్రైనీ దీని మీదే గడిపింది. లెసన్ ప్లాన్‌లో రాసుకున్నది సగం కూడా కాలేదు. ఆమెకు నేను మంచి మార్కులే వేశాను.

ఈ జిల్లాలో ఉన్నవాళ్ళకు ఇంకో సంపద ఉంది. ఇక్కడి గిరిజనులైన సవరల లెక్క. పూర్వపు సవర భాషలో పన్నెండుకు విడిగా ఒక మాట ఉంది. పదమూడంటే పన్నెండూ ఒకటీ. పంతొమ్మిదంటే పన్నెండూ ఏడూ. ఆ తరువాత ఇరవై ఒక కొత్త కట్ట. ముప్పై మూడంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. ఇప్పటి పిల్లలు సంతలో ఒడియా అంకెలో, తెలుగు అంకెలో వాడుతున్నారు గానీ, ఇంట్లో ముసలమ్మల నోట ఆ లెక్క ఇంకా వినిపిస్తుంది. కొన్నేళ్ళ కిందట కొండ ఊరి పిల్లాడొకడు బోర్డు దగ్గర ముప్పై మూడుని తన అవ్వ చెప్పినట్టు విడదీసి చూపించాడు. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. మనం పదులతో కట్టలు కడతాం. వాళ్ళ పెద్దలు పన్నెండుతో, ఇరవైతో కట్టారు. స్థాన విలువ అంటే కట్టలు కట్టడమేనని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి పాఠం దొరకలేదు. అప్పటిదాకా ఆ పిల్లాణ్ణి లెక్కలు రానివాడనే అనేవారు.

ఇదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు రాజావారి బడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం ప్రచురించారు, తరువాత నిఘంటువు కూడా కూర్చారు. అప్పటికి ఒడిశా ఏర్పడలేదు, మనది మద్రాసు ప్రెసిడెన్సీ. 1936 ఏప్రిల్ 1న సరిహద్దు మారింది. పిల్లల నోళ్ళలో భాషలు మాత్రం అన్నీ అలాగే ఉండిపోయాయి. ఆయన చెప్పింది లెక్కలు కాదు. అయినా మా ఊరి టీచరు ట్రైనింగ్ గురించి మాట్లాడేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆయనే.

త్రికోణమితి గురించి ఒక్క మాట. ఒడిశాలోని ఖండపడాకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త పఠాణీ సామంత వెదురు, కర్ర పరికరాలతో ఆకాశాన్ని కొలిచాడు. మా ట్రైనీలు అట్టముక్క, దారం, గులకరాయితో కోణమానిని చేసి బడి ఆవరణలో కొబ్బరిచెట్టు ఎత్తు కొలిపిస్తారు. దానికి ఖర్చేమీ లేదు.

మొన్న ఒక అమ్మాయి ఇంటర్న్‌షిప్‌కి రాయగడ వైపు వెళుతూ నా దగ్గరికి వచ్చింది. చేతిలో నోటుపుస్తకం. ఒకటి నుంచి వంద దాకా అంకెలు మూడు వరుసల్లో రాసుకుంది: తెలుగు, ఒడియా, సవర. నాలుగో వరుస ఖాళీ. "మాస్టారండీ, నేను వెళ్ళే బళ్ళో కువి అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలున్నారట. ఈ వరుస నింపడానికి ఎవర్ని అడగాలి?" అంది.

ఆ పిల్లల్నే అడుగమ్మా అన్నాను.

నమస్కారం.