పిల్లల చిత్రోత్సవాల్లో యానిమేటర్ల తీర్పు

సభాధ్యక్షులకు, పురమందిరానికి విచ్చేసిన చిత్రలేఖనం మాస్టర్లకు, విద్యార్థులకు నమస్కారం.

అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవాల జ్యూరీలో, అంటే బహుమతులు నిర్ణయించే బృందంలో, బొమ్మలకు కదలిక ఇచ్చే యానిమేటర్ ఎందుకుండాలి, ఉంటే ఏం చూడాలి అన్నదే ఈ రోజు నా విషయం. మన దేశంలో ఈ ఉత్సవం 1979లో, అంతర్జాతీయ బాలల సంవత్సరంలో మొదలైంది. ఆ తర్వాత హైదరాబాదు దానికి శాశ్వత వేదికైంది. నెహ్రూ పుట్టినరోజున మొదలయ్యే ఆ ఉత్సవంలో బంగారు ఏనుగు బహుమతి కోసం ఎన్నో దేశాల చిత్రాలు పోటీపడేవి, వాటిలో యానిమేషన్ చిత్రాలకూ చోటుండేది.

జ్యూరీలో దర్శకులు, రచయితలు, విమర్శకులు ఉంటారు. వాళ్లు ముందుగా కథను పట్టుకుంటారు, అది సహజం. కానీ బొమ్మల చిత్రంలో కథలో సగం కదలికలోనే ఉంటుంది. ఒక అవ్వ నీళ్ల బిందె ఎత్తే దృశ్యం తీసుకుందాం. బిందె లేవకముందే ఆమె మోకాళ్లు వంగాలి. బిందె చంకకు చేరగానే నడుము అవతలి పక్కకు ఒరగాలి, రెండో చెయ్యి తూకం కోసం కాస్త పైకి లేవాలి. ఇవేవీ లేకుండా బిందె లేచిందంటే అందులో నీళ్లు లేవని ఏడేళ్ల పిల్లకు కూడా తెలిసిపోతుంది, కాకపోతే ఎందుకలా అనిపించిందో ఆ పిల్ల చెప్పలేకపోతుంది. యానిమేటర్ చెప్పగలడు. తెరపై సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు, నడుస్తాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా పది నిమిషాల చిత్రానికి 7,200 బొమ్మలు కావాలి. ఆ అవ్వ బరువు ఏ నాలుగైదు బొమ్మల్లో ఉందో, ఎక్కడ జారిపోయిందో పట్టుకోవడానికే ఆయన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టేది.

మన నెల్లూరు జిల్లాలో తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. 1926లో జర్మనీలో లోట్టె రైనిగర్ అనే ఆమె కత్తిరించిన బొమ్మలకు కీళ్లు కలిపి, కింది నుంచి వెలుగు పంపి, ఒక్కో ఫ్రేమూ తీస్తూ పూర్తి నిడివి నీడబొమ్మల చిత్రాన్ని నిర్మించింది. అలాంటి చిత్రం పోటీకి వస్తే, ముఖంలో కవళికలు మారడం లేదని, కదలిక బిగుసుకుపోయిందని మార్కులు తగ్గించేవాళ్లు ఉంటారు. తెర వెనక భుజాన్నీ మోచేతినీ మాత్రమే ఆడించి సీతమ్మ దుఃఖాన్ని పలికించిన ఆటగాళ్లను చూసిన మనం ఆ మాట ఒప్పుకోలేం.

అయితే యానిమేటర్‌కు ఒక బలహీనత ఉంది, దాన్ని గట్టిగా చెప్పాలి. తోటి పనివాడి శ్రమ చూసి ఆయన కరిగిపోతాడు. నీటి అలలు, జుట్టు, పొగ గీయడం ఎంత కష్టమో తెలుసు కనుక, కథ లేని చిత్రానికి కూడా ఓటేసేస్తాడు. పెద్ద స్టూడియో చిత్రం పక్కన ఒక విద్యార్థి బొగ్గుతో గీసిన మూడు నిమిషాల చిత్రం వచ్చినప్పుడు, కష్టాన్ని కాక, ఎంచుకున్న పద్ధతి ఆ కథకు సరిపోయిందా లేదా అన్నది తూచాలి. తన శిష్యుల చిత్రమో, తాను పనిచేసిన సంస్థ చిత్రమో పోటీలో ఉంటే ఆ చర్చ నుంచి లేచి బయటికి రావాలి. ఇందులో మొహమాటానికి తావు లేదు.

మరొకటి, మాటలు. అడుగున పరుగెత్తే అనువాదపు అక్షరాలను ఉదయగిరిలో మూడో తరగతి చదివే పిల్లవాడు అందుకోలేడు. బొమ్మ తానే అర్థం చెప్పగలిగిన చిత్రానికి బాలల ఉత్సవంలో మొగ్గు చూపడం పక్షపాతం కాదని నా నమ్మకం.

ఇటలీలోని జిఫోనీలో 1971 నుంచి జరుగుతున్న ఉత్సవంలో పిల్లలే జ్యూరీగా కూర్చుంటారు. వాళ్ల తీర్పు, యానిమేటర్ల తీర్పు పక్కపక్కన పెట్టి చదివితే రెండింటికీ మేలు.

అక్టోబరు 28 అంతర్జాతీయ యానిమేషన్ దినం. ఆ రోజు నెల్లూరులో, ఒంగోలులో, కందుకూరులో ఒక్కో బడి చిన్న పోటీ పెట్టాలని ఉపాధ్యాయులను కోరుతున్నాను. చిత్రలేఖనం మాస్టరును, తోలుబొమ్మ కళాకారుణ్ణి, ఏడో తరగతి పిల్లలు ముగ్గుర్ని కలిపి జ్యూరీగా వేయండి. ప్రతి చిత్రాన్నీ రెండుసార్లు చూపించండి, మొదటిసారి పిల్లల్ని ముందుగా మాట్లాడనివ్వండి.