ప్లెయిన్ స్కాన్ ఇక మానేయొచ్చా? స్పెక్ట్రల్ సీటీ వీఎన్‌సీ రివ్యూ

నమస్కారమండి. భీమవరం నుంచి మాట్లాడుతున్నాను. ముందే చెప్పేస్తాను, ఈ స్పెక్ట్రల్ సీటీ (తక్కువ, ఎక్కువ ఎనర్జీ ఎక్స్‌రేలని విడివిడిగా చూసే స్కానర్) సాఫ్ట్‌వేర్ ట్రయల్ లైసెన్సు కంపెనీవాళ్ళు ఉచితంగా ఇచ్చారు. ఏం చెప్పాలో మాత్రం వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. స్లైసులెన్ని, గాంట్రీ ఎంత స్పీడు అన్నవి మీరు బ్రోచర్లో చూసే ఉంటారు. నేను ఒక్క బటన్ గురించే మాట్లాడతాను. వీఎన్‌సీ, అంటే వర్చువల్ నాన్ కాంట్రాస్ట్.

అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన స్కాన్‌లోంచి ఆ అయోడిన్‌ని లెక్కగట్టి తీసేసి, ప్లెయిన్ లాంటి, అంటే మందు లేకుండా తీసినట్టుండే బొమ్మ ఇస్తుందన్నమాట. ఈ మెషిన్‌లో డిటెక్టర్ రెండు పొరలు. తక్కువ ఎనర్జీ ఎక్స్‌రేలు ఎక్కువగా పై పొరలోనే ఆగిపోతాయి, ఎక్కువ ఎనర్జీవి కింది పొరకి చేరతాయి. అయోడిన్ కె-ఎడ్జ్, అంటే అది ఎక్స్‌రేలని ఒక్కసారిగా ఎక్కువగా పీల్చుకోవడం మొదలెట్టే ఎనర్జీ, 33 కేఈవీ (ఎక్స్‌రే ఎనర్జీ కొలత) దగ్గర ఉంది కాబట్టి తక్కువ ఎనర్జీలో అది బాగా వెలుగుతుంది, లివర్, కండ అంతగా మారవు. ఆ తేడా పట్టుకునే ఏ పిక్సెల్‌లో ఎంత అయోడిన్ ఉందో తేలుస్తుంది.

ఇంతకుముందు నేను పనిచేసిన చోట డ్యూయల్ సోర్స్ (రెండు ఎక్స్‌రే ట్యూబులు, రెండు డిటెక్టర్లు ఉండే) రెండో తరం మెషిన్ ఉండేది. స్పెక్ట్రల్ కావాలంటే స్కాన్‌కి ముందే ఆ ప్రోటోకాల్ పెట్టుకోవాలి. పైగా అందులో చిన్న డిటెక్టర్‌కి అందేది 33 సెంటీమీటర్ల వెడల్పే. మనిషి కాస్త భారీగా ఉంటే పక్కలు బయటికి పోయేవి, అక్కడ వీఎన్‌సీయే లేదు. ఎంత విసుగొచ్చేదో! ఇందులో ఆ బాధ లేదండీ. మామూలుగా తీసేసినా స్పెక్ట్రల్ డేటా లోపల ఉంటుంది, తర్వాత తీరిగ్గా తీసుకోవచ్చు.

దీని విలువ మన డెల్టాలో ఇంకా ఎక్కువ. సఖినేటిపల్లి నుంచి ఒకావిడ కడుపునొప్పని వచ్చారనుకోండి. పంటు మీద గోదావరి దాటి, నరసాపురంలో బస్సెక్కి వస్తారు. మందు ఎక్కించాక తీసే పోర్టల్ వీనస్ ఒక్క ఫేజే తీశాం. సాయంత్రం చూస్తే అడ్రినల్ (కిడ్నీ పైనుండే గ్రంథి) మీద చిన్న గడ్డ. ప్లెయిన్ లేదు. "అమ్మా, మళ్ళీ రావాలి" అని ఫోన్ చేయాలి. వరదొస్తే పంటు ఆగిపోతుంది, ఆవిడ రాలేరు. ఇక గడ్డ అన్న మాట విన్నాక ఆ ఇంట్లో నిద్రుంటుందా? ఇప్పుడు వీఎన్‌సీ తెరిచి, గడ్డ మీద ఆర్‌ఓఐ (అంకె కొలిచే చిన్న గుండ్రం) పెడితే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

కానీ ఇక్కడే జాగ్రత్త. ప్లెయిన్‌లో 10 హెచ్‌యూ (సీటీలో సాంద్రత కొలిచే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్), అంతకంటే తక్కువుంటే కొవ్వున్న అడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) అంటాం. వీఎన్‌సీకి కొవ్వు దగ్గర అంకె పెంచి చూపే అలవాటుంది. నిజం ప్లెయిన్‌లో 6 ఉన్న గడ్డకి వీఎన్‌సీ 13 చూపించొచ్చు. అందుకని వీఎన్‌సీలోనే 10 లోపు వస్తే నేను ధైర్యంగా అడినోమా అని రాస్తాను. 10 దాటితే దాన్ని బట్టి ఎవరినీ భయపెట్టను, ప్లెయిన్ తీయిస్తాను. ఫ్యాటీ లివర్‌లోనూ ఇదే తంతు. కొవ్వు పట్టిన లివర్ వీఎన్‌సీలో ఉన్నదానికంటే బాగున్నట్టు కనబడుతుంది.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించింది రాళ్ళ విషయం. క్యాల్షియం కూడా కొంతవరకు అయోడిన్ లాగే ప్రవర్తిస్తుంది. అయోడిన్‌ని తీసేటప్పుడు రాయిలో కొంత కూడా పోతుంది. పెద్ద రాయి కాస్త చిన్నదిగా కనిపిస్తుంది, 3 మిల్లీమీటర్ల లోపువి మాయమే కావచ్చు. మన ఎండలకి పక్కనొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చే మనిషికి ఆ చిన్న రాయే కదండీ మొత్తం జబ్బు! అలాంటిది, నాకు డెమో ఇవ్వడానికొచ్చినాయన "ఇక ప్లెయిన్ ఫేజ్ అక్కర్లేదు సార్" అని తేలిగ్గా అనేశారు. నేను ఒప్పుకోను. రాళ్ళ కేసుకి, మూత్రంలో రక్తం కేసుకి ప్లెయిన్ ఉండాల్సిందే.

కిడ్నీ సిస్టుల్లో బాగానే పనికొస్తోంది. ఎక్కువ డెన్సిటీ సిస్టా, కాంట్రాస్ట్ మందు పీల్చుకున్న గడ్డా అన్న అనుమానానికి వీఎన్‌సీ, అయోడిన్ మ్యాప్ (అయోడిన్ ఎక్కడుందో చూపే బొమ్మ) పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తృప్తిగా ఉంటోంది. ప్లెయిన్ అవసరంలేని ఫాలోఅప్ కేసుల్లో ఒక ఫేజ్ రేడియేషన్ తగ్గుతుంది, వయసులో ఉన్నవాళ్ళకి అది చిన్న లాభం కాదు.

నా తీర్పు? డబ్బు పెట్టే స్తోమతున్న సెంటర్ కొనుక్కోవాలి, నేనైతే వదులుకోను. తీయని ప్లెయిన్ కోసం కొనండి. తీయాల్సిన ప్లెయిన్ ఎగ్గొట్టడానికి కొనకండి. రేడియాలజిస్టు మిత్రులకి ఒక్క మాట: రిపోర్టులో హెచ్‌యూ రాసినప్పుడు అది వీఎన్‌సీదైతే పక్కన ఆ మాట తప్పకుండా రాయండి. ఆర్నెల్ల తర్వాత అదే మనిషికి కాకినాడలో మామూలు ప్లెయిన్ తీస్తే, అంకె తేడా చూసి గడ్డే మారిపోయిందనుకుంటారు.